లెమ్యూ వచ్చాక పిట్స్‌బర్గ్‌లో ఏం మారింది?

1983-84 ఐస్ హాకీ సీజన్‌లో పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ జట్టు 80 ఆటలు ఆడి 16 గెలిచింది, 58 ఓడింది, 6 డ్రా చేసుకుంది. గెలుపుకు రెండు, డ్రాకు ఒకటి చొప్పున దక్కినవి 38 పాయింట్లు. నేషనల్ హాకీ లీగ్‌లోని 21 జట్లలో అదే అట్టడుగు. 1967లో లీగ్‌లో చేరిన ఈ జట్టు 1975లో ఒకసారి దివాలా కూడా తీసింది. పదహారు వేలమంది పట్టే స్టేడియానికి సగటున ఏడు వేలమంది కూడా వచ్చేవారు కాదు. అలాంటి జట్టు 1991లో ఒకసారి, 1992లో మరోసారి లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. తెలుగువారికి పిట్స్‌బర్గ్ అనగానే పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడి మనసులో మెదులుతుంది. హాకీ అభిమానులకు మాత్రం ముందు గుర్తొచ్చేది 66వ నంబరు జెర్సీ, దాన్ని తొడుక్కున్న మారియో లెమ్యూ.

అట్టడుగున నిలిచిన జట్టుకు మరుసటి ఏడు కొత్త కుర్రాళ్లలో మొదటివాణ్ణి ఎంచుకునే హక్కు ఉండేది. ఆ ఎంపిక పద్ధతినే డ్రాఫ్ట్ అంటారు. మాంట్రియల్ కుర్రాడైన లెమ్యూ 1984 జూన్‌లో ఆ దారిలోనే పిట్స్‌బర్గ్‌కు వచ్చాడు. ఓడిపోయే జట్టును కప్పు దాకా తీసుకెళ్లినది ఆ ఒక్కడేనా, లేక అతని చుట్టూ ఆరేడేళ్లపాటు జరిగిన కూర్పా అన్నది హాకీలో ఇప్పటికీ తెగని తగవు. కింది సంవాదంలో వ్యక్తివాది ఆటగాడి పక్షాన, జట్టువాది కూర్పు పక్షాన నిలిచారు.

వ్యక్తివాది: 1984 అక్టోబర్ 11న బోస్టన్‌లో లెమ్యూ మొదటి ఆట ఆడాడు. మంచు మీదికి దిగిన తొలి విడతలోనే, అంటే తొలి షిఫ్ట్‌లోనే, రే బోర్క్ దగ్గర పక్ అనే రబ్బరు బిళ్లను లాగేసుకుని, ఒంటరిగా దూసుకెళ్లి, గోల్‌కీపర్ పీట్ పీటర్స్‌ను ఏమార్చి గోల్ కొట్టాడు. బోర్క్ అంటే ఆ కాలంలో లీగ్‌లోకెల్లా గట్టి డిఫెండర్లలో ఒకడు. లీగ్‌లో లెమ్యూ కొట్టిన మొట్టమొదటి షాట్ అదే. ఆ సీజన్‌లో 43 గోల్స్, గోల్‌కు దారితీసిన పాస్‌లు అంటే అసిస్టులు 57, ఒక్కోదానికి ఒకటి చొప్పున మొత్తం 100 పాయింట్లు సాధించాడు. అప్పటికి వయసు 19. ఖాళీ కుర్చీలు నిండడం ఆ ఏటి నుంచే మొదలైంది.

జట్టువాది: కుర్చీలు నిండిన మాట నిజమే. పట్టికలో స్థానం సంగతో? ఆ సీజన్‌లో జట్టు పాయింట్లు 38 నుంచి 53కు పెరిగాయి. తర్వాత వరుసగా 76, 72, 81. అప్పట్లో 21 జట్లలో 16 జట్లు, సీజన్ ముగిశాక కప్పు కోసం జరిగే ప్లేఆఫ్స్‌కు వెళ్లేవి. అంత వెడల్పాటి గుమ్మంలోంచి కూడా పిట్స్‌బర్గ్ నాలుగేళ్లపాటు లోపలికి పోలేకపోయింది. 1987-88లో లెమ్యూ 70 గోల్స్, 168 పాయింట్లతో లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు. అంతకుముందు ఎనిమిదేళ్లూ ఆ ట్రోఫీని వేన్ గ్రెట్జ్కీ ఇంకెవరికీ దక్కనివ్వలేదు. అలాంటి ఏడాదిలో కూడా పిట్స్‌బర్గ్ తన డివిజన్‌లో ఆఖరిదే.

వ్యక్తివాది: దానికి కారణం?

జట్టువాది: గడియారం. ఆట 60 నిమిషాలు. స్కేటర్లు ఐదుగురు, గోల్‌కీపర్ ఒకడు. మంచు మీద ఒక షిఫ్ట్ ముప్పావు నిమిషానికి మించితే కాళ్లు సహకరించవు. ఫార్వర్డ్ ఎంత గొప్పవాడైనా బెంచీకి పోయి ఊపిరి పీల్చుకుని మళ్లీ దిగాల్సిందే. అలా దిగుతూ ఎక్కుతూ ఆడేది 20, 22 నిమిషాలు. మిగిలిన 40 నిమిషాలు ముగ్గురేసి ఫార్వర్డ్‌లుండే రెండో లైన్, మూడో లైన్, నాలుగో లైన్ ఆడతాయి. క్రికెట్‌లో మంచి బ్యాట్స్‌మన్ ఇన్నింగ్స్ మొదటి నుంచి చివరిదాకా నిలబడగలడు. ఐస్ హాకీలో అది కుదరదు. లెమ్యూ 20 నిమిషాల్లో సంపాదించినదాన్ని మిగతావాళ్లు 40 నిమిషాల్లో పోగొట్టేవారు.

ఇక్కడ జట్టువాది మాట కాదనలేనిది. అయితే ఆ 20 నిమిషాల ప్రభావం 20 నిమిషాలతో ఆగిపోతుందా అన్న ప్రశ్న మిగిలే ఉంది. వ్యక్తివాది పట్టుకున్నది దాన్నే.

వ్యక్తివాది: వారెన్ యంగ్ ఉదంతం చూడండి. 28 ఏళ్లు దాటినా పెద్ద లీగ్‌లో కుదురుకోలేకపోయిన ఫార్వర్డ్. 1984-85లో అతన్ని లెమ్యూ పక్కన ఆడించారు. 40 గోల్స్ కొట్టాడు. అది చూసి డెట్రాయిట్ జట్టు మంచి జీతమిచ్చి తీసుకుపోయింది. అక్కడ లెమ్యూ లేడు. మరుసటి సీజన్‌లో కొట్టినవి 22. ఆ తర్వాత 1988-89లో రాబ్ బ్రౌన్ అనే కుర్రాడు లెమ్యూ పక్కన ఆడి 49 గోల్స్ కొట్టాడు. లెమ్యూ దగ్గర పక్ ఉంటే ఇద్దరు డిఫెండర్లు అతని మీదికే పోతారు. పక్కవాడు ఖాళీ జాగాలో స్టిక్ నేలకానించి నిలబడితే చాలు, పాస్ నేరుగా దాని మీదికి వస్తుంది.

జట్టువాది: అది అతని లైన్‌లో ఆడే ఇద్దరికి సరిపోతుంది. మూడో లైన్‌వాడికి ఒరిగేదేమిటి?

వ్యక్తివాది: ఎదుటి జట్టు దగ్గర మేలైన డిఫెన్స్ జోడీ ఒక్కటే ఉంటుంది. ఆ జోడీ లెమ్యూ కాపలాకే అంకితమైపోతే రెండో లైన్ ఎదురుగా నిలిచేది రెండోరకం జోడీ. దీనికి తోడు ఒక నియమం ఉంది. ఆట ఆగినప్పుడు ఆటగాళ్లను ముందుగా మార్చాల్సింది బయటి ఊరి జట్టు. వాళ్లు ఎవరిని దింపారో చూశాక సొంత ఊరి జట్టు తనవాళ్లను దింపవచ్చు. పిట్స్‌బర్గ్‌లో ఆట జరిగితే ఎదుటివాళ్ల బలహీనమైన జోడీ కంటపడగానే కోచ్ లెమ్యూని దింపేవాడు. ఇక పవర్ ప్లే సంగతి. ఎదుటివాడొకడు తప్పుచేసి రెండు నిమిషాలు బయట కూర్చుంటే ఐదుగురితో నలుగురు తలపడాలి. అప్పుడు లెమ్యూ ముందర గజం చోటు వదిలినా గోలే. ఆ భయంతో అతని ఎదుట మొరటుగా ఆడడానికి కూడా జంకేవారు.

జట్టువాది: ఒప్పుకోవచ్చు. కానీ రెండో లైన్‌కు తేలికైన ప్రత్యర్థి దొరికినంత మాత్రాన సరిపోదు. ఆ లైన్‌లో ఆడగలవాళ్లు ఉండాలి. పిట్స్‌బర్గ్‌కు వాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. 1987 నవంబర్‌లో ఎడ్మంటన్ నుంచి డిఫెన్స్‌మన్ పాల్ కాఫీ. 1988 నవంబర్‌లో బఫెలో నుంచి గోల్‌కీపర్ టామ్ బరాసో. అప్పుడు గానీ, అంటే 1989 వసంతంలో గానీ, లెమ్యూ ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. ఆ సీజన్‌లో అతనివి 85 గోల్స్, 199 పాయింట్లు. 1989 డిసెంబర్‌లో క్రెయిగ్ పాట్రిక్ జనరల్ మేనేజర్ అయ్యాడు. 1990లో బాబ్ జాన్సన్‌ను కోచ్‌గా పెట్టాడు, డ్రాఫ్ట్‌లో ఐదో ఎంపికగా యారోమిర్ యాగర్‌ను తీసుకున్నాడు, ఎన్నో కప్పులు చూసిన బ్రయాన్ ట్రాటియర్‌ను, జో ములెన్‌ను తెచ్చుకున్నాడు, డిసెంబర్‌లో లారీ మర్ఫీని రప్పించాడు. ఇక 1990-91 సీజన్ చూడండి. వెన్ను ఆపరేషన్ వల్ల లెమ్యూ మొదటి 50 ఆటలు ఆడనే లేదు. అయినా జట్టు మునగలేదు. మార్క్ రెకీ 113 పాయింట్లతో, జాన్ కలెన్ లైన్‌కు నడిమి చోటైన సెంటర్‌లో నిలబడి దాన్ని లాక్కొచ్చారు.

వ్యక్తివాది: 1991 మార్చిలో అదే కలెన్‌ను హార్ట్‌ఫర్డ్‌కు ఇచ్చేశారు కదా?

జట్టువాది: ఇచ్చేశారు. బదులుగా రాన్ ఫ్రాన్సిస్, ఉల్ఫ్ శామ్యూల్‌సన్ వచ్చారు. పాట్రిక్ చేసిన పనులన్నిటిలో గొప్పది అదే. ఫ్రాన్సిస్ స్వయంగా ఒక జట్టుకు మొదటి సెంటర్ కాగలవాడు, పిట్స్‌బర్గ్‌లో రెండో సెంటర్. గోల్ కొట్టడం ఎంత బాగా తెలుసో ఎదుటివాడి చేత కొట్టించకపోవడం కూడా అంత బాగా తెలిసినవాడు. శామ్యూల్‌సన్ గోల్ ముందర ఎవరినీ నిలబడనిచ్చేవాడు కాదు. కప్పు తెచ్చింది ఆ రోజే.

వ్యక్తివాది: ఫ్రాన్సిస్‌ను రెండో సెంటర్‌గా పెట్టుకోగలిగిన భాగ్యం పాట్రిక్‌కు ఎలా వచ్చింది? మొదటి చోటు నింపాల్సిన పని లేదు కాబట్టి. కలెన్ లాంటి ఊపు మీదున్న ఆటగాణ్ణి ధైర్యంగా వదులుకోగలిగాడు, లెమ్యూ తిరిగొచ్చాడు కాబట్టి. ఇక ఆ ప్లేఆఫ్స్‌లో 23 ఆటల్లో లెమ్యూ 44 పాయింట్లు సాధించాడు. మిన్నెసోటాతో ఫైనల్ రెండో ఆటలో ఇద్దరు డిఫెండర్ల నడుమ నుంచి పక్‌తో సహా జారిపోయి, గోల్‌కీపర్ జాన్ కేసీని ఒక పక్కకు ఒరిగేలా చేసి, తాను పడిపోతూ రెండో పక్క నుంచి పక్‌ను లోపలికి తోశాడు. మూడో ఆటకు వెన్నునొప్పి తిరగబెట్టి దిగలేకపోయాడు, జట్టు ఓడింది. అతను తిరిగొచ్చిన మూడు ఆటలూ గెలిచి, ఆఖరిదాన్ని 8-0తో ముగించింది.

ఈ చోట వాదం రెండు వైపులా సమంగా తూగినట్టు కనిపిస్తుంది. 1992 ప్లేఆఫ్స్ మాత్రం జట్టువాది వైపే కొంత మొగ్గుతాయి. రెండో రౌండ్‌లో న్యూయార్క్ రేంజర్స్ ఆటగాడు ఆడమ్ గ్రేవ్స్ స్టిక్‌తో కొట్టిన దెబ్బకు లెమ్యూ చెయ్యి విరిగింది. ఆ సిరీస్‌లో మిగతా ఆటలకు అతను లేడు. నాలుగో ఆటలో ఫ్రాన్సిస్ హ్యాట్రిక్ సాధించాడు. అందులో ఒకటి నీలి గీత అవతల నుంచి, చాలా దూరం నుంచి కొట్టినది. పిట్స్‌బర్గ్ ఆ సిరీస్ గెలిచింది, లెమ్యూ తిరిగొచ్చాక చికాగోను వరుసగా నాలుగు ఆటల్లో ఓడించి కప్పు నిలబెట్టుకుంది. కూర్పు పూర్తయిన జట్టు తన స్టార్ లేకుండా కొన్నాళ్లు నెగ్గుకురాగలదని ఇక్కడ రుజువైంది. ఆ కూర్పును నిలబెట్టిన బాబ్ జాన్సన్ ఆ కప్పు చూడలేదు. మెదడు క్యాన్సర్‌తో 1991 నవంబర్‌లోనే మరణించాడు. ఆయన చోట స్కాటీ బోమన్ కోచ్‌గా ఉన్నాడు.

వ్యక్తివాది: అలాగైతే 1993 కూడా చెప్పుకోవాలి. ఆ జనవరిలో లెమ్యూకు హాజ్‌కిన్స్ లింఫోమా అనే క్యాన్సర్ ఉందని తేలింది. మార్చి 2న పొద్దున చివరి రేడియేషన్ చేయించుకుని, అదే రోజు విమానమెక్కి ఫిలడెల్ఫియా వెళ్లి, రాత్రి ఆటలో ఒక గోల్, ఒక అసిస్ట్ చేశాడు. పిట్స్‌బర్గ్ అంటే గిట్టని ఫిలడెల్ఫియా ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తర్వాత జట్టు వరుసగా 17 ఆటలు గెలిచింది. లీగ్ చరిత్రలో అంతటి వరుస అంతకుముందు లేదు. 60 ఆటలే ఆడి 160 పాయింట్లతో సీజన్ మొత్తానికి మొదటివాడయ్యాడు. అలాంటివాడి పక్కన కూర్చున్న ఆటగాడు ఒళ్లు దాచుకుని ఆడగలడా? పట్టికల్లో కనిపించని ఈ ప్రభావాన్ని ఏ మేనేజరూ కొనితేలేడు.

జట్టువాది: ఆ ధైర్యానికి నమస్కారం. అయినా ఆ ఏడు లీగ్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న పిట్స్‌బర్గ్ రెండో రౌండ్‌లోనే న్యూయార్క్ ఐలాండర్స్ చేతిలో ఓడింది. ఏడో ఆట అదనపు సమయంలో డేవిడ్ వోలెక్ అనే మామూలు ఆటగాడు గోల్ కొట్టి ఇంటికి పంపాడు. గ్రెట్జ్కీ సంగతీ అంతే. 1988 ఆగస్టులో ఎడ్మంటన్ అతన్ని లాస్ ఏంజలెస్‌కు ఇచ్చేసింది. లాస్ ఏంజలెస్ ఒక్క ఏడాదిలో 68 నుంచి 91 పాయింట్లకు ఎగబాకింది, 1993లో ఫైనల్ దాకా పోయింది, అతనున్నంత కాలం కప్పు మాత్రం ముట్టుకోలేదు. అతన్ని వదులుకున్న ఎడ్మంటన్ 1990లో కప్పు గెలిచింది. మార్క్ మెసియే, యారీ కుర్రీ లాంటివాళ్లు అక్కడే ఉన్నారు కదా.

వ్యక్తివాది: 68 నుంచి 91 అంటే చిన్న పెరుగుదలా? పైకి రావడం, కప్పు గెలవడం వేరువేరు సంగతులు. అడుగున ఉన్న జట్టును పోటీలోకి తేవడమే ఇక్కడ ప్రశ్న. ఆ పని గ్రెట్జ్కీ ఒక్క ఏడాదిలో చేశాడు. మంచు ముఖం ఎరగని కాలిఫోర్నియాలో 1991లో సాన్ హోసే, 1993లో ఆనహైమ్ కొత్త జట్లు పెట్టుకున్నాయంటే గ్రెట్జ్కీ పుట్టించిన ఆసక్తి వల్లనే.

ఈ తేడా మొత్తం చర్చకు ఆయువుపట్టు. అట్టడుగు నుంచి నడిమికి రావడంలో స్టార్ చేసే మేలు పెద్దది, త్వరగా కనిపించేది. నడిమి నుంచి శిఖరానికి పోవడం వేరే పని. అక్కడ జట్టులోని ఆరో ఫార్వర్డ్, నాలుగో డిఫెన్స్‌మన్, గోల్‌కీపర్ తూకంలోకి వస్తారు. లెమ్యూ మొదటి నాలుగేళ్లనూ తర్వాతి నాలుగేళ్లనూ ఒకే కాటాలో తూచబోవడం వల్లనే ఈ తగవు ఇన్నేళ్లు సాగింది.

పిట్స్‌బర్గ్ చరిత్ర ఇదే పాఠాన్ని రెండోసారీ నడిపించింది. లెమ్యూ 1997లో రిటైరయ్యాడు. 1998లో జట్టు మళ్లీ దివాలా తీసింది. అప్పటికి అతనికి రావాల్సిన జీతం బకాయిలే 3 కోట్ల డాలర్లకు పైగా ఉన్నాయి. అందులో చాలాభాగాన్ని వాటాగా మార్చుకుని 1999లో యజమాని అయ్యాడు. 2000 డిసెంబర్‌లో తిరిగి మంచు మీదికీ దిగాడు. అయినా డబ్బు చాలక 2001లో యాగర్‌ను వదులుకున్నారు. 2003-04లో జట్టు 58 పాయింట్లతో మళ్లీ అడుగుకు చేరింది.

జట్టువాది: 2005లో డ్రాఫ్ట్ మొదటి ఎంపికకు తీసిన లాటరీ తగిలింది, సిడ్నీ క్రాస్బీ వచ్చాడు. 18 ఏళ్లవాడు 102 పాయింట్లు సాధించాడు. జట్టుకు వచ్చినవి? మళ్లీ 58. 2006-07లో ఒక్కసారిగా 105. ఆ ఏడు కొత్తగా దిగినవాళ్లు ఎవ్‌గెనీ మాల్కిన్, జోర్డాన్ స్టాల్. వాళ్ల వెనక గోల్ దగ్గర 2003లో మొదటి ఎంపికగా తెచ్చుకున్న మార్క్ ఆంద్రే ఫ్లూరీ.

వ్యక్తివాది: ఆ ఏడు 19 ఏళ్ల క్రాస్బీ సొంతంగా సాధించినవి 120 పాయింట్లు; లీగ్‌లో ఆటగాళ్లందరికన్నా ఎక్కువ. మాల్కిన్ కూడా స్టారే. ఒక స్టార్ చాలకపోతే ఇద్దరు కావాలన్న మాట స్టార్ల విలువను తగ్గించదు. పైగా అదే కాలంలో జట్టును కాన్సాస్ సిటీకి తరలిస్తారన్న మాట నడిచింది. 2007 మార్చిలో కొత్త స్టేడియానికి ఒప్పందం కుదిరింది, జట్టు ఊళ్లోనే ఉండిపోయింది. క్రాస్బీ లేకపోతే ఆ స్టేడియం కట్టేవారా?

జట్టువాది: కట్టేవారు కారేమో. కానీ 2009 జూన్ 12న డెట్రాయిట్‌లో జరిగిన ఫైనల్ ఏడో ఆటను మరవకూడదు. రెండో పీరియడ్‌లో క్రాస్బీ మోకాలికి దెబ్బ తగిలింది. మూడో పీరియడ్‌లో ఒకే ఒక షిఫ్ట్ ఆడగలిగాడు. పిట్స్‌బర్గ్ 2-1తో గెలిచింది. ఆ రెండు గోల్సూ మాక్స్ టాల్బోట్‌వి. చివరి సెకన్లలో నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్ దగ్గరి నుంచి కొట్టిన షాట్‌కు ఫ్లూరీ అడ్డంగా దూకి ఒంటితో ఆపాడు. క్రాస్బీ అదంతా బెంచీ మీద నుంచే చూశాడు.

వ్యక్తివాది: స్టార్ అనగానే ఫార్వర్డ్ ఒక్కడే ఎందుకు గుర్తుకు రావాలి? మీరు చెప్పిన గడియారం లెక్క గోల్‌కీపర్‌కు వర్తించదు. అతను 60 నిమిషాలూ ఉంటాడు. 2019 జనవరి మొదటివారంలో సెయింట్ లూయిస్ మొత్తం లీగ్‌లో ఆఖరిది. జూన్‌లో కప్పు దానిదే. మధ్యలో జరిగింది జోర్డాన్ బినింగ్‌టన్ గోల్‌లోకి రావడం.

జట్టువాది: బినింగ్‌టన్ అప్పటిదాకా ఏళ్ల తరబడి చిన్న లీగుల్లో తిరిగినవాడు. అంత పని చేస్తాడని ఎవరూ అనుకోలేదు. గోల్‌కీపర్ ఎప్పుడు వెలుగుతాడో, ఎప్పుడు మసకబారుతాడో చెప్పడం కష్టం. అలాంటిదాని మీద ఆశపెట్టుకుని జట్టు కట్టలేరు.

వ్యక్తివాది: అందుకేగా మేనేజర్లు డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక కోసం అంత తాపత్రయపడేది.

జట్టువాది: తాపత్రయపడి, కావాలని ఓడిపోయే దాకా పోయారు. 1984లో పిట్స్‌బర్గ్ సీజన్ చివర్లో తన మేటి డిఫెన్స్‌మన్ రాండీ కార్లైల్‌ను విన్నిపెగ్‌కు పంపింది, బాగా ఆడుతున్న గోల్‌కీపర్ రాబర్టో రొమానోను కింది లీగ్‌కు దించింది. జూనియర్ లీగ్‌లో 70 ఆటలకు 133 గోల్స్ కొట్టిన లెమ్యూ ఎదురుగా కనిపిస్తుంటే ఆశ పుట్టడం సహజమే. కానీ టికెట్ కొనుక్కుని వచ్చిన ఆ కొద్దిమందికి చూపించినది ఓటమి. ఆ దారి ప్రతిసారీ పండదు కూడా. ఎడ్మంటన్ 2010, 2011, 2012లో వరుసగా మూడుసార్లు మొదటి ఎంపిక దక్కించుకుంది. టేలర్ హాల్, ర్యాన్ న్యూజెంట్ హాప్కిన్స్, నెయిల్ యాకుపోవ్. అయినా ఆ జట్టు మొత్తం పదేళ్లపాటు ప్లేఆఫ్స్ ఎరగదు.

వ్యక్తివాది: 2015లో కానర్ మెక్‌డేవిడ్ వచ్చాక ఎరిగింది. మొదటి ఎంపికలన్నీ ఒక్కటి కావు. లెమ్యూ, క్రాస్బీ, మెక్‌డేవిడ్ తరానికి ఒకడు చొప్పున పుడతారు. 2017లో ఎడ్మంటన్ రెండో రౌండ్ దాకా వెళ్లింది.

జట్టువాది: ఆ వెంటనే రెండేళ్లు ఇంట్లో కూర్చుంది. 2017-18లో మెక్‌డేవిడ్ 108 పాయింట్లతో లీగ్‌కే మొదటివాడు, ఎడ్మంటన్ ప్లేఆఫ్స్ బయట. 2024లో ఫైనల్ చేరి, 0-3 నుంచి 3-3కు తెచ్చి, ఏడో ఆటలో ఫ్లోరిడా చేతిలో ఓడింది. ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడి బహుమతి మెక్‌డేవిడ్‌ది, కప్పు ఫ్లోరిడాది. 2025లో మళ్లీ ఫైనల్, మళ్లీ ఫ్లోరిడాయే.

వ్యక్తివాది: లెమ్యూ కాలంలో లేని చిక్కు ఒకటి ఇప్పుడుంది. 2005 నుంచి జట్టు మొత్తం జీతాలకు లీగ్ పరిమితి పెట్టింది. మొదటి ఏడు అది 3.9 కోట్ల డాలర్లు. ఫ్రాన్సిస్, మర్ఫీ, ట్రాటియర్, ములెన్‌లను ఒక్క చోటికి చేర్చిన పాట్రిక్‌కు అలాంటి అడ్డు లేదు. 2018-19లో పరిమితి 7.95 కోట్లు, మెక్‌డేవిడ్ ఒక్కడి జీతం 1.25 కోట్లు, అంటే ఆరో వంతుకు కొంచెం తక్కువ.

జట్టువాది: మిగతా ఇరవైమందికి పైగా ఆటగాళ్లను ఆ మిగిలిన సొమ్ములోనే తెచ్చుకోవాలి. స్టార్ ఎంత ఖరీదైతే మూడో లైన్ అంత చవకదవుతుంది. ఇప్పుడు కూర్పు మేనేజర్ చేతిలోనే కాదు, స్టార్ సంతకంలో కూడా ఉంది.

వ్యక్తివాది: అది తెలిసే 2025 అక్టోబర్‌లో మెక్‌డేవిడ్ ఇంకా ఎంతో ఎక్కువ అడగగలిగి ఉండీ పాత జీతానికే, 1.25 కోట్లకే, సంతకం చేశాడు. మిగిలే డబ్బుతో ఆటగాళ్లను తెచ్చుకోండని దాని అర్థం.

జట్టువాది: సంతకం చేసింది రెండే సీజన్లకు. ఆ ఒప్పందం 2026-27లో మొదలవుతుంది. ఎడ్మంటన్ మేనేజర్ తనకు కావాల్సిన గోల్‌కీపర్‌నూ, తన ఫ్రాన్సిస్‌నూ 2028 వసంతంలోగా వెతుక్కోవాలి.